బొట్టు పెట్టిన ఫ్లాపీ

ఇది ఒక మహా సంగ్రామం కథ. ఇందులో అయిదు రోజుల గడువుంది. ఒంటిని ఒకచోట, ప్రాణాన్ని ఇంకోచోట దాచుకున్న ముసలి రాక్షసుడున్నాడు. ఆ ప్రాణాన్ని వెతుక్కుంటూ కొండల్లోకి బయల్దేరిన వీరుడున్నాడు. నిండు గర్భిణి అయిన అతని భార్య ఉంది. ఒక గుహ ఉంది, ఆ గుహలో నిధికి ఇరవై ఏళ్లుగా కాపలా కాస్తున్న వృద్ధుడున్నాడు.

కొంచెం ఎక్కువ చెప్పాను. రాక్షసుడంటే ఒక పాత కొలత యంత్రం. కొండలంటే కాలిఫోర్నియాలో డబ్లిన్ నుంచి శాన్ రమోన్ వెళ్లే దారిలో కనిపించే ఎండిపోయిన గడ్డి దిబ్బలు. వాటిని నేను ఎక్కలేదు, పక్కనున్న ఫ్రీవే మీద వెళ్లాను. గుహ అనేది రెండు కార్లు పట్టే గరాజ్. నిధి ఒక ఫ్లాపీ డిస్కు. వీరుడి సంగతి ముందు ముందు మీకే తెలుస్తుంది. భార్య మాత్రం నిజంగానే ఏడో నెల కడుపుతో ఉంది. నా భయం కూడా నిజమే.

రెండువేల తొమ్మిదిలో నేను ఒక చిన్న టెస్టింగ్ ల్యాబ్‌లో పనిచేసేవాణ్ని. వేరే కంపెనీలు తయారుచేసిన రేడియో పరికరాలు మా దగ్గరికి వస్తాయి. అవి చెప్పినట్టు పనిచేస్తున్నాయో లేదో కొలిచి, సంతకం పెట్టి, కాగితం ఇస్తాం. ఆ ఏడాది మొదట్లో పదకొండు మందిమి. ఎండాకాలం అయ్యేసరికి అయిదుగురం మిగిలాం. మా మేనేజర్ అరవైకి దగ్గర పడ్డ అమెరికన్ ఆవిడ. పొదుపుగా మాట్లాడేది, ఇంకా పొదుపుగా నవ్వేది. ఎవరినైనా ఉద్యోగంలోంచి తీసేసే రోజు పొద్దున్న మాత్రం అందరికీ డోనట్లు తెచ్చేది. చెడ్డదని కాదు, ఆవిడకి తెలిసిన ఓదార్పు అది. నేను మాత్రం ఇప్పటికీ ఆ డోనట్ల గులాబీరంగు అట్టపెట్టె కనిపిస్తే పక్కకి తప్పుకుంటాను.

నన్ను ఎందుకు ఉంచారో నాకు బాగా తెలుసు. తెలివితేటలకి కాదు. మా ల్యాబ్‌లో నేను రెండో తరగతి చదివే రోజుల్లో తయారైన సిగ్నల్ ఎనలైజర్ ఒకటుంది. రెండు బియ్యం బస్తాల బరువు, అరచేయంత పచ్చ తెర. మాకు మిగిలిన పెద్ద కస్టమర్ ఒక్కడే. వాళ్ల పరికరాన్ని ఏ యంత్రంతో కొలవాలో ఇరవై ఏళ్ల కింద ఎవరో కాగితం మీద రాశారు, మోడల్ నంబరుతో సహా. ఆ కాగితం మార్చాలంటే ఎంతమంది సంతకాలు కావాలో తలుచుకుని ఎవరూ దాని జోలికి పోలేదు. ఆ యంత్రాన్ని నడపడం వచ్చినవాళ్లు ఇద్దరం ఉండేవాళ్లం. రెండోవాడు మార్చిలో డోనట్ తిని వెళ్లిపోయాడు.

కాబట్టి లెక్క సులువు. యంత్రం పోతే కస్టమర్ పోతాడు. కస్టమర్ పోతే నేను పోతాను. నాతోపాటు నా హెచ్-వన్ వీసా, దానికి వేలాడుతున్న మా ఆవిడ హెచ్-ఫోర్, డెలివరీకి బుక్ చేసుకున్న హాస్పిటల్, దాని ఖర్చు భరించే ఇన్సూరెన్స్. ఉద్యోగం పోయాక ఈ దేశంలో ఎన్నాళ్లుండొచ్చని స్నేహితుల్ని అడిగితే ఒకడు పది రోజులన్నాడు, ఇంకొకడు ఆ సాయంత్రమే అన్నాడు. ఇద్దరూ చాలా నమ్మకంగా చెప్పారు.

ఆ యంత్రానికి ఒక అలవాటుంది. దానికి సొంత జ్ఞాపకం లేదు. స్విచ్ వేసిన ప్రతిసారీ మూడున్నర అంగుళాల ఫ్లాపీ ఒకటి నోట్లో పెట్టాలి. అది చదువుకుని తానెవరో గుర్తు తెచ్చుకుంటుంది. ఆపితే మళ్లీ అంతా మరిచిపోతుంది. ఆ సిస్టమ్ డిస్కు మా దగ్గర ఒక్కటే ఉంది. రెండోది చేసిపెట్టాలని నా మానిటర్‌కి అతికించిన పసుపు చీటీ మీద ఆరు నెలలుగా రాసి ఉంది. చీటీ రంగు వెలిసిపోయింది కానీ అక్షరాలు బాగానే ఉన్నాయి.

ఆ ఏడాది దసరా సోమవారం వచ్చింది. మా ఆవిడది కరీంనగర్. వాళ్ల నాన్నకి ఇనుము చెక్కే లేత్ షాపు ఉండేది. పొద్దున్నే అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో మా పాత కారుకి బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించింది. తర్వాత నా లంచ్ బ్యాగులో చిన్న జిప్‌లాక్ కవరు పెట్టింది.

"ఏంటిది?"

"కుంకుమ. మిషన్‌కి పెట్టు."

"ల్యాబ్‌లో అలాంటివి కుదరదు."

"మా నాన్న ప్రతి దసరాకి లేత్‌కి పెడ్తడు. షాపుల పనిచేసినోళ్లందరికి పది వేళ్లు ఉన్నయ్. చూసుకో మరి."

"నా మిషన్ వేళ్లు తీసేది కాదు."

"ఉద్యోగం తీసేదే గద."

కవరు తీసుకెళ్లాను.

పదిన్నరకి మేనేజర్ ఫోన్ మాట్లాడుతుంటే పని మొదలుపెట్టాను. అప్పటికే యంత్రం ఆన్‌లో ఉంది, డిస్కు చదువుకుని సిద్ధంగా ఉంది. వాటర్ కూలర్ నీళ్లు ఒక చుక్క వేసి కుంకుమ తడిపాను. ముందు పలక మీద పెడదామనుకున్నాను, కానీ మేనేజర్ చూస్తే ఏం చెప్పాలో తెలియలేదు. పక్కన పెడితే క్లీనింగ్ వాళ్లు చూస్తారు. వెనక పెడదామంటే దేవుడికి వెనక పూజ ఏంటనిపించింది. అప్పుడు నాకో మహత్తరమైన ఆలోచన వచ్చింది. డిస్కు బయటికి తీసి దాని మీద పెడితే బొట్టు యంత్రం లోపలే ఉంటుంది, ఎవరికీ కనబడదు. డిస్కు మీద కాగితం లేబుల్ పాడవకూడదని, కింద జరిగే రేకు తలుపు మీద పెట్టాను. దండం పెట్టాను. డిస్కు లోపలికి తోశాను.

నేను చదువుకున్నది ఎలక్ట్రానిక్సే. ఆ రేకు తలుపు పక్కకి జరిగితేనే యంత్రం డిస్కుని చదువుతుందని నాకు తెలుసు. పరీక్షలో అడిగితే బొమ్మ వేసి మరీ రాసేవాణ్ని.

మధ్యాహ్నం కొలతలు డిస్కులో దాచుకోవడానికి మీట నొక్కాను. లోపల్నుంచి కొబ్బరి కోరినట్టు చప్పుడొచ్చింది. పచ్చ తెర మీద ఒక లైను వెలిగింది. డిస్కు చదవడం కుదరడం లేదట. బయటికి తీస్తే రేకు కింద సన్నటి ఎర్ర గీత. తలుపు జరిపి చూశాను. నల్లటి పళ్లెం మీద గుండ్రంగా, అందంగా, చిన్న పిల్ల ముగ్గు వేసినట్టు గీత పడింది.

కానీ యంత్రం ఇంకా పనిచేస్తూనే ఉంది. పొద్దున చదువుకున్నదంతా దానికి గుర్తుంది. ఎవరూ స్విచ్ ఆపనంతవరకూ ఏమీ జరగలేదన్నట్టే. ఒక కాగితం మీద 'ఆపవద్దు' అని ఇంగ్లీషులో పెద్దగా రాసి అతికించాను. కాస్త ఊపిరి తీసుకున్నాను.

మూడింటికి ఈమెయిల్ వచ్చింది. బిల్డింగ్‌లో కరెంటు ప్యానెల్ మారుస్తున్నారు. శుక్రవారం సాయంత్రం అయిదు నుంచి ఆదివారం దాకా కరెంటు ఉండదు. అన్ని పరికరాలూ ఆపి వెళ్లవలెను.

ఆ యంత్రంలో ఒక మెనూ ఉంది. తన లోపలున్న ప్రోగ్రాంని ఖాళీ డిస్కు మీదికి రాయగలదు. అంటే చావబోయే ముందు వీలునామా రాసుకోగలదు. కాకపోతే కాగితం మనం ఇవ్వాలి. అయిదు రోజుల్లో ఒక ఖాళీ డిస్కు తెస్తే చాలు. ఫ్లాపీయే కదా అనుకున్నాను. సాయంత్రం ఆఫీసు సామాన్ల షాపులో పది ఫ్లాపీల పెట్టె ఒకటి దుమ్ము పట్టి ఉంది. కొన్నాను. కౌంటర్ దగ్గరున్నతను దాన్ని అటూ ఇటూ తిప్పి, "వీటిని ఇంకా తయారు చేస్తున్నారా?" అని నన్నే అడిగాడు.

మంగళవారం పొద్దున్న ముందు యంత్రం నోరు కడగాలి. చదివే ముల్లు మీద కుంకుమ పేరుకుంది. పై మూత తీసి, ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో తుడవాలి. మామూలుగా అయితే కరెంటు ఆపి చేసే పని. నాకు ఆపే యోగం లేదు. పక్కనే పచ్చ తెర గొట్టం, దానికి వేల వోల్టులు. పాత టెక్నీషియన్లు ఒక పద్ధతి నేర్పారు. బతికున్న యంత్రంలో చెయ్యి పెట్టేటప్పుడు రెండో చెయ్యి జేబులో పెట్టుకోవాలి. అప్పుడు షాక్ కొట్టినా కరెంటు ఒక చేతి నుంచి ఇంకో చేతికి గుండె మీదుగా పోదు. ఎడమ చెయ్యి ప్యాంటు జేబులో పెట్టి, ఊపిరి బిగబట్టి, కుడి చేత్తో తుడిచాను. దూది ఎర్రగా వచ్చింది. ఇంకోటి, ఎర్రగా. ఏడో పుల్ల తెల్లగా వచ్చింది.

అప్పుడే మేనేజర్ వెనకనుంచి వెళ్తూ ఆగింది.

"జేబులో ఏముంది?"

"చెయ్యి," అన్నాను.

ఆవిడ జేబు వైపు ఇంకోసారి చూసి వెళ్లిపోయింది.

తర్వాత కొత్త ఫ్లాపీ పెట్టాను. యంత్రం ఉమ్మేసింది. ఇంకోటి పెట్టాను, అదీ అంతే. అప్పుడు నాకు కనిపించింది. ఈ ఫ్లాపీలు హై డెన్సిటీవి, ఆ యంత్రం పుట్టాక వచ్చినవి. దానికి కావలసింది అంతకుముందు తరం, డబుల్ డెన్సిటీది. చూడ్డానికి కవలపిల్లల్లా ఉంటాయి కానీ లోపలి పూత వేరు. కొత్తవాటికి మూలలో ఒక రంధ్రం అదనంగా ఉంటుంది. ఆ రంధ్రం మీద టేపు అతికిస్తే కొత్తది పాతదానిలా నటిస్తుందని ఇంటర్నెట్‌లో ఒక పెద్దమనిషి రాశాడు. అతికించాను. యంత్రం నమ్మింది. పావుగంట గరగరలాడి, ప్రోగ్రాం అంతా రాసేసి, తృప్తిగా ఆగింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు ఫ్రీవే మీద పాట పాడాను. మా ఆవిడ నా మొహం చూసి, "ఏంది, ప్రమోషనా?" అంది.

బుధవారం పొద్దున్న అదే డిస్కుని మళ్లీ చదివించి చూశాను. సగం దూరం వెళ్లి ఆగిపోయింది. రాసింది రాత్రికి రాత్రే వెలిసిపోయింది. ఆ పెద్దమనిషి రాసిన పేజీని కిందిదాకా చదివితే ఆఖర్లో చిన్న అక్షరాల్లో ఉంది, ఇది ఎక్కువ కాలం నిలవదని.

అప్పటికి మిగిలింది రెండున్నర రోజులు. ఆన్‌లైన్‌లో వెతికితే అసలైన డబుల్ డెన్సిటీ డిస్కులు ఒహాయోలో ఒకాయన దగ్గర ఉన్నాయి. త్వరగా పంపమని రాశాను. తాను పోస్టాఫీసుకి శనివారాల్లో మాత్రమే వెళ్తానని మర్యాదగా జవాబిచ్చాడు. పక్కనే ఉన్న సౌత్ బే ప్రాంతంలో నెలకోసారి ఒక పార్కింగ్ లాట్‌లో పాత ఎలక్ట్రానిక్స్ సంత జరుగుతుంది, అక్కడ దొరకనిది లేదు. అది జరగడానికి ఇంకా పది రోజులుంది. ఫోన్ చేసిన నాలుగు పాత సామాన్ల షాపుల్లో రెండు మూతపడ్డాయి, మూడోవాడు నవ్వాడు. నాలుగోవాడు దొరికితే తనకీ చెప్పమన్నాడు.

నాలుగింటికి ల్యాబ్‌లో లైట్లు ఒక్కసారి రెపరెపలాడాయి. కరెంటువాళ్లు ముందస్తుగా ఏదో పరీక్షిస్తున్నారట. నేను కుర్చీలోంచి లేచి యంత్రాన్ని రెండు చేతులా పట్టుకున్నాను, పట్టుకుంటే ఆగదన్నట్టు. పచ్చ తెర సన్నబడి, మళ్లీ వెలిగింది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. ఆ ఫ్యాన్ చప్పుడు వింటూ చాలాసేపు అలాగే నిలబడ్డాను. రెండు నెలల కింద స్కాన్‌లో బిడ్డ గుండె చప్పుడు వినిపించినప్పుడు కూడా ఇంత శ్రద్ధగా వినలేదు. ఈ మాట మా ఆవిడకి చెప్పలేదు.

ఆ సాయంత్రం మిగతాదంతా చెప్పాను. తను సోఫాలో కాళ్లు చాపుకుని, పొట్ట మీద ప్లేటు పెట్టుకుని పెరుగన్నం తింటోంది. మొత్తం విని ప్లేటు కింద పెట్టింది.

"సోమవారం నుంచి నాకెందుకు చెప్పలే?"

"కంగారు పడతావని."

"నువ్వు పడ్తలేవా?"

"నాది అలవాటే."

"మిషన్‌కి పెట్టుమన్న. దాని నోట్లె పెట్టుమన్ననా? మా నాన్న ఎన్నడన్న లేత్ లోపల పెట్టిండా?"

"మేనేజర్ చూస్తుందని..."

"చూస్తే చూసేది. ఎర్రచుక్క ఏందని అడిగేది. పండుగ అని చెప్పేటోడివి. అయిపోయేది గద." తర్వాత గొంతు మారింది. "నిజంగ పోతదా ఉద్యోగం?"

జోకు కోసం వెతికాను. దొరకలేదు. "పోవచ్చు," అన్నాను.

తను పొట్ట మీద చెయ్యి వేసుకుని కిటికీ వైపు చూసింది. నేను డోనట్ పెట్టె చూసినప్పుడు నా మొహం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఆ క్షణం తన మొహం ఉన్నట్టే ఉంటుంది.

"శాన్ రమోన్ అంకుల్ గరాజ్‌ల ఏదో ఉంటది," అంది చివరికి. "బతుకమ్మకి పోయినప్పుడు నాతోని ఒక డబ్బా పట్టించిండు. ఇవి పడేస్తే మా ఆయన నన్ను పడేస్తడు అన్నది ఆంటీ. పాత కంప్యూటర్ డిస్కులే అవి." అప్పటికే ఫోన్ తీసి ఆంటీకి కలుపుతోంది.

ఈ అంకుల్ నలభై ఏళ్ల కింద అమెరికా వచ్చిన తెలుగు ఇంజనీరు. చిప్ కంపెనీల్లో పనిచేసి రిటైరయ్యాడు. గురువారం సాయంత్రం మేం వెళ్లేసరికి గరాజ్ తలుపు ఎత్తి, మడతకుర్చీ వేసి, మా ఆవిడని కూర్చోబెట్టాడు. ఆ గరాజ్‌లో కారు నిలబడి ఎన్నేళ్లయిందో తెలియదు. కార్లు ఎండలో ఉంటాయి, డబ్బాలు నీడలో ఉంటాయి. ఆంటీ పకోడీల పళ్లెం తెచ్చింది.

అంకుల్ చెప్పుల డబ్బా ఒకటి దించి మూత తీశాడు. ముప్ఫై ఫ్లాపీలు నిలువుగా, వరసగా ఉన్నాయి. నేను ఒకటి పైకి తీసి మూల చూశాను. అదనపు రంధ్రం లేదు. ఇంకోటి తీశాను, దానికీ లేదు. అన్నీ డబుల్ డెన్సిటీవే.

"ఎన్ని కావాలోయ్?" అన్నాడు అంకుల్.

"ఒక్కటి చాలంకుల్."

"ఏం చేస్తావ్ దాంతో?"

"ఫార్మాట్ చేస్తాను."

అంకుల్ చెయ్యి డబ్బా మీదికి వచ్చింది. "అంటే చెరిపేస్తావ్."

అప్పుడు లేబుళ్లు చూశాను. అన్నీ నీలం సిరా తెలుగు అక్షరాలు. ఉగాది సంచిక. దీపావళి సంచిక. సభ్యుల చిరునామాలు. పిల్లల పద్యాల పోటీ. ఆ రోజుల్లో ఇక్కడి తెలుగువాళ్లకి ఆయన ఒక పత్రిక నడిపాడు. కంప్యూటర్‌లో తెలుగు లేకపోతే అక్షరాలు తానే తయారుచేసుకున్నాడు.

"ఒక్కో అక్షరం చుక్కలు చుక్కలుగా పెట్టి చేశానోయ్. 'క్ష'కి మూడు ఆదివారాలు పట్టింది."

"ఇప్పుడు వీటిని ఎందులో చదువుతారంకుల్?"

"చదవడానికి ఏ మెషీనూ లేదు. ఉన్నాయి, అంతే."

"చిరునామాల డిస్కు ఇస్తారా?"

"అందులో సగంమంది పోయారు. అదెలా ఇస్తాను."

"పోనీ పిల్లల పోటీది?"

"మా అమ్మాయికి ఫస్ట్ ప్రైజ్ అందులోనే వచ్చింది."

"పోటీలో ఉన్నదే ఇద్దరు పిల్లలు," అంది ఆంటీ.

నేను నవ్వాలి. నవ్వు రాలేదు. రేపు సాయంత్రం అయిదు అనే మాట తలలో గంటలా మోగుతోంది. చెరపనివ్వని డిస్కులు ముప్ఫై నా ఎదురుగా ఉన్నాయి. ఆయన్ని తప్పుపట్టడానికీ లేదు. నేను ఒక ముగ్గు గీతకే మూడు రోజులుగా అన్నం తినలేదు.

మా ఆవిడ కుర్చీలోంచే మాట్లాడింది. "అంకుల్, అది లేకుంటే ఈయనకి ఉద్యోగం ఉండది. జాబ్ పోతే వీసా పోతది. నాకు డిసెంబర్‌ల డెలివరీ."

అంకుల్ డబ్బా వైపే చూస్తూ ఉన్నాడు. తర్వాత తనలో తాను అనుకుంటున్నట్టు, "నన్నూ ఒకసారి తీసేశారు. అప్పటికి మా అమ్మాయి పుట్టి మూడు వారాలు," అన్నాడు. "రోజూ పొద్దున్నే టై కట్టుకుని లైబ్రరీకి వెళ్లి కూచునేవాణ్ని. ఈవిడకి నెల దాకా తెలియదు."

"రెండో రోజే తెలుసు," అంది ఆంటీ.

అంకుల్ తలెత్తాడు.

"లంచ్ డబ్బా ఖాళీగా వచ్చింది. ఆఫీసు ఉన్నన్నాళ్లూ ఎప్పుడూ ఖాళీగా రాలేదు మరి."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"మీరు చెప్పలేదుగా." ఆంటీ పకోడీ పళ్లెం నా చేతికిచ్చి, డబ్బాలోంచి ఒక డిస్కు లాగి లేబుల్ చూసింది. "సంపాదకీయాలు. ఇది ఇచ్చేయండి. అచ్చయినప్పుడే ఎవరూ చదవలేదు."

"నువ్వు చదివావుగా."

"ప్రూఫులు దిద్దాను. చదవడం వేరు."

అంకుల్ ఆ డిస్కు చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో లేబుల్ మీద దుమ్ము తుడిచాడు. చాలాసేపు పట్టింది, అంత దుమ్మేమీ లేదు. "స్పీకర్ల దగ్గర పెట్టకు. ఎండ తగలనీకు," అని నా చేతిలో పెట్టాడు. ఇంటికి వచ్చేదాకా కారులో పాటలు పెట్టలేదు. మా ఆవిడ దాన్ని రెండు చేతుల మధ్య పట్టుకుని కూర్చుంది.

శుక్రవారం. ఇరవై ఏళ్లుగా చెప్పుల డబ్బాలో నిలబడ్డ డిస్కు పనిచేస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. నోట్లో పెట్టి మీట నొక్కాను. ఫార్మాట్ మొదలైంది. తెర మీద అంకెలు ఒక్కొక్కటే పెరుగుతున్నాయి, ఎనభై దాకా వెళ్లాలి. చెరిగిపోతున్నవి ఎవరూ చదవని సంపాదకీయాలని తెలుసు, అయినా ప్రతి అంకెకీ ఒళ్లు ముడుచుకుంది. అరవై ఒకటి దగ్గర ఆగింది. నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. బొట్టు పెడతానని మాత్రం మొక్కలేదు. చాలాసేపటికి అరవై రెండు వచ్చింది.

ఎనభై అయ్యాక ప్రోగ్రాం అంతా రాసింది. మళ్లీ చదివించాను, చదివింది. భోజనం తర్వాత ఇంకోసారి చదివించాను. ఇక మిగిలిన పరీక్ష ఒక్కటే. ఆపి, మళ్లీ ఈ డిస్కుతో లేపాలి. దానికి నాకు రోజంతా టైముంది, ధైర్యమే లేదు. ఆన్‌లో ఉన్నంతసేపు ఏదో ఒకటి చేయొచ్చనిపించింది. అలా అనుకుంటూ అనుకుంటూ అయిదింటికి ఇంకా పది నిమిషాలే ఉందనేదాకా లాక్కొచ్చాను.

మేనేజర్ కోటు వేసుకుని వచ్చింది. నేను అతికించిన కాగితం చదివింది.

"ఆపవద్దు అని ఉంది."

"అవును."

"ఆపాలి."

"అవును."

ఆవిడే స్విచ్ నొక్కింది. పచ్చ తెర చిన్న చుక్కయి, ఆ చుక్క కూడా ఆరిపోయింది. ఫ్యాన్ తిరిగి తిరిగి ఆగింది.

శని, ఆదివారాల గురించి చెప్పడానికి ఏమీ లేదు. ఉయ్యాల తొట్టి బిగిస్తూ మూడు చెక్కలు తలకిందులుగా బిగించాను. మా ఆవిడ చూసి ఊరుకుంది. ఊరుకుందంటే అర్థం చేసుకోండి.

సోమవారం ఏడున్నరకి ల్యాబ్ తలుపు తీయగానే బల్ల మీద గులాబీరంగు అట్టపెట్టె కనిపించింది.

బ్యాగు కింద పెట్టలేదు. పెడితే మళ్లీ ఎత్తుకోవాలి కదా. నా బల్ల మీద తీసుకెళ్లాల్సినవి ఏమున్నాయో లెక్కపెట్టుకున్నాను. ఒక ఫోటో, ఒక మగ్గు, ఒక పసుపు చీటీ. మేనేజర్ లోపల్నుంచి వచ్చి పెట్టె వైపు చూపించింది.

"కరెంటువాళ్లు తెచ్చుకున్నారు. మిగిలాయట. తీసుకో."

తినలేదు. యంత్రం దగ్గరికి వెళ్లాను. ఎడమ చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లింది. సంపాదకీయాల డిస్కు పెట్టి స్విచ్ వేశాను. ఫ్యాన్ తిరిగింది. తెర నల్లగా ఉంది. లోపల కొబ్బరి కోరిన చప్పుడు కాదు, ఎవరో మెల్లగా పేజీలు తిప్పుతున్న చప్పుడు. పచ్చగా ఒక లైను వచ్చింది, తర్వాత ఇంకోటి, తర్వాత మొత్తం తెర. మా ఆవిడకి ఫోన్ చేసి "లేచింది," అన్నాను. అటువైపు కాసేపు ముక్కు చీదిన చప్పుడు, తర్వాత, "తిన్నవా ఏమన్న?"

సిస్టమ్ డిస్కు మారిస్తే లాగ్ పుస్తకంలో రాయాలి. కారణం అనే గడిలో 'లోపల బయటి పదార్థం చేరింది' అని రాసి మేనేజర్ సంతకానికి తీసుకెళ్లాను.

"ఏ పదార్థం?"

ఈసారి చెప్పేశాను. పండుగ, పనిముట్లకి బొట్టు, మా మామగారి లేత్, వేళ్లు, అన్నీ. ఆవిడ మొత్తం విన్నది. నేను తీర్పు కోసం ఎదురుచూస్తున్నట్టు ఆవిడ పెన్ను చివర వైపు చూస్తున్నాను. ఆవిడ నేను రాసింది కొట్టేసి, పైన 'దుమ్ము' అని రాసి సంతకం పెట్టింది.

"రెండో కాపీ ఉందా?" అంది.

ఒహాయో ఆయన డిస్కులు ఆ తర్వాతి వారం వచ్చాయి. రెండు కాపీలు చేసి సొరుగులో పెట్టాను, పసుపు చీటీ పీకేశాను. అవసరం ఉన్నవాళ్లకి ఒక మాట. డబుల్ డెన్సిటీ ఫ్లాపీకి ఒక మూలలోనే రంధ్రం ఉంటుంది. రెండు మూలల్లోనూ ఉంటే అది హై డెన్సిటీ, పాత యంత్రాలకి పనికిరాదు.